తలుపు తీసి నేసిన కంబళి

అనంతపురంలో ఒక కాలేజీ హాల్లో సముద్రతీరపు ఊళ్ల ఫోటోల ప్రదర్శన పెట్టారు. వల అల్లే ముసలివాళ్లు, పడవ చెక్కకు తారు పూసే చేతులు, సాయంత్రపు ఇసుక, నీళ్లు, మళ్లీ నీళ్లు. ఫోటోలు బాగున్నాయి. నా పక్కన నిలబడి చూస్తున్న ఒక మాస్టారు మాత్రం నిట్టూర్చి, "వాళ్లకు సముద్రముండాది, తీస్తాండారు. మన పక్క తీసేకి ఏముండాది, రాళ్లు తప్ప?" అన్నాడు.

నేను ఊరుకోలేదు. రాళ్ల మధ్య బతికే మనుషుల గురించి, వానను నమ్ముకోకుండా పుట్టిన పనుల గురించి అక్కడే మొదలుపెట్టాను. ఆయన అంతా విని, "సరే, తీసి చూపీమ్మా" అని బయటకు పోయాడు. సభల్లో మాట్లాడటం, పత్రికలకు వ్యాసాలు రాయడం నాకు చాలా కాలంగా అలవాటు. ఎదుటివాడు చూపించమన్నప్పుడు మాత్రం వ్యాసం సరిపోదు. బీరువాలో మూలనపడి ఉన్న కెమెరా బయటికి తీశాను.

అనంతపురంలోనే మన పక్క ఫోటోల ప్రదర్శన ఒకటి పెట్టాలని, అప్పటినుంచి సెలవు దొరికితే బెళుగుప్ప బస్సు ఎక్కేదాన్ని. ఆ పక్క నేలంతా ఎర్రగా, చదునుగా, ఎక్కడా దాపరికం లేకుండా ఉంటుంది. శెనక్కాయ పీకేసిన చేలు, నెర్రెలిచ్చిన చెరువు అడుగు, దాని అంచున తలవంచుకుని మేసే నల్లగొర్రెలు, వాటి వెనక ఆకాశమంత ఎత్తున తిరిగే గాలిమరలు. ఇవన్నీ తీశాను. ముసలివాళ్లను తీశాను. చాలామంది కెమెరా ముందు ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్లు. నేను ప్రదర్శన సంగతీ కబుర్లూ చెప్పి చెప్పి ఆ బిగింపు వదిలేదాకా ఆగేదాన్ని.

అలా తిరుగుతూ కంబళ్లు నేసే ఒక వీధికి వెళ్లాను. ఒకప్పుడు ఇంటింటికీ మగ్గం ఉండేదట. ఇప్పుడు కొన్ని ఇళ్లలోనే చప్పుడు వినిపిస్తోంది. ఒక ఇంటి ముందు అరుగుకట్టమీద ఒక పెద్దాయన కూర్చుని బీడీ తాగుతున్నాడు. బీడీ పట్టుకున్న చెయ్యి, ఖాళీగా ఉన్న చెయ్యి రెండూ వణుకుతున్నాయి. ఆయన వెనక గది తలుపు మూసి ఉంది. గొళ్లేనికి మగవాళ్ల తువ్వాలు ఒకటి వేలాడుతోంది. లోపల మగ్గం ఆడుతోంది, ఆగకుండా, ఒకే వరసలో.

"లోపల నేసేదెవరు పెద్దాయనా?" అని అడిగాను.

"నేనేమ్మా," అన్నాడు.

పరాచికమనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. అంతలో గొర్రెలు తోలుకుపోతున్న ఒకాయన వీధిలోనించే కేకేశాడు. "ఏమన్నా, నేస్తాండావా?" కట్టమీది పెద్దాయన బీడీ నోట్లోంచి తీసి, "ఆ, నేస్తాండా," అన్నాడు. గొర్రెలాయన తల ఊపి పోయాడు. లోపల మగ్గం ఆడుతూనే ఉంది.

నా మొహం చూసి పెద్దాయనకు జాలి వేసినట్టుంది. దగ్గరకు పిలిచి చెప్పాడు. చేతులు వణకడం మొదలై చాలా ఏళ్లయింది. అడ్డపోగు నాడె విసిరితే పడుగు పోగుల్లో ఇరుక్కునేది. అప్పటినుంచి లోపల నేసేది ఆయన భార్య. వాళ్లలో ఆడమనిషి, కూర్చుని నేసే మగ్గం గుంతలో కాలు పెట్టకూడదు. గొర్రెబొచ్చు కడిగేది ఆడవాళ్లే, ఏకేది ఆడవాళ్లే, కదురు తిప్పి నూలు తీసేది ఆడవాళ్లే, చింతగింజల గంజి కాచి పడుగుకు పట్టించేదీ వాళ్లే. అన్ని చేతులు పడ్డ ఆ నూలు గుంత దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆడదాని కాలు తగిలితే మైలపడుతుంది. అందుకని ఆమె గుంతలోకి దిగేముందు తలుపు మూసి, గొళ్లేనికి ఆయన తువ్వాలు తగిలిస్తారు. తువ్వాలు వేలాడుతుంటే నేసేది ఆయన.

"వీధిలో అందరికీ తెలుసు గదా?"

"తెలీకుండా ఎట్లుంటాదమ్మా? మా పెండ్లాం కంబళి అంచు చూస్తే గుడ్డోడు కూడా చెప్తాడు."

మగ్గం మీద కూర్చున్నట్టు తనను ఒక ఫోటో తీయమన్నాడు. అబద్ధం తీయనన్నాను.

"అబద్ధం యాడుండాది? మగ్గం నాది, ఇల్లు నాది, పెండ్లాం నాది. అప్పుడు నేసేది నేనే అయితా గదా?"

లోపల మగ్గం ఆగింది. "చేతులొకటీ నాయి, అంతే," అని ఒక గొంతు వినిపించింది. మళ్లీ మగ్గం ఆడింది. ఆయన పడీ పడీ నవ్వాడు. ఆ నవ్వుతో ఉన్న మనిషిని, కట్టమీద, బీడీతో సహా తీశాను.

ఆ రోజు బస్సులో కూర్చుని చాలాసేపు నాలో నేనే కొట్లాడుకున్నాను. అబద్ధాన్ని నమ్మేవాళ్లతో వాదించడం నాకు తెలుసు. వాళ్ల ముందు సాక్ష్యం పెడతాం, ప్రశ్న వేస్తాం, ఎక్కడో ఒకచోట తడబడతారు. ఈ వీధిలో ఆ అబద్ధాన్ని నమ్మేవాడు ఒక్కడూ లేడు. అందరూ కలిసి దాన్ని మోస్తున్నారు, మర్యాద కోసం. నమ్మకానికి జవాబు చెప్పవచ్చు. మర్యాదకు ఏమని చెప్పాలి? పైగా ఆ మర్యాద ఆమెను ఆ పని చేసుకోనిస్తోంది. చేసిన పని ఆమెదని మాత్రం అననివ్వడం లేదు.

వేసవిలో ఆయన పోయాడని తెలిసింది. ఫోటో పెద్దదిగా వేయించి తీసుకుని వెళ్లాను. ఆమెను అప్పుడే వెలుతురులో సరిగ్గా చూశాను. పొట్టి మనిషి, అరవై దాటి ఉంటాయి, భుజాలు మగవాళ్ల భుజాల్లా గట్టిగా ఉన్నాయి. ఫోటో అందుకుని కంటికి బాగా దగ్గరగా పెట్టుకుని, పక్కకు తిప్పి, మళ్లీ వెనక్కి జరిపి చూసింది. "బీడీ కూడా పడిండాదే," అని నవ్వి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మగ్గం గది తలుపు మూసే ఉంది. తువ్వాలు లేదు. చప్పుడు లేదు.

"నేయడం లేదా అక్కా?"

"ఎవురు నేస్తాండారని చెప్పల్ల ఇప్పుడు? చెప్పేటాయప్ప పోయినాడు గదా."

ఆమెకు కొడుకులు లేరు. ఒక్క కూతురు, కొత్తచెరువు దగ్గర కాపురం. అదే వీధిలో మరిది ఉన్నాడు, ఆయనా నేస్తాడు. మగవాడు లేని ఇంట్లో మగ్గం ఉంచకూడదని, పలకా అచ్చూ దోనే, మగ్గం సామానంతా తన ఇంటికి తీసుకుపోయి గుంత పూడ్చేస్తానని అంటున్నాడట. ఇంకా దించకుండా ఎందుకు ఆగాడంటే, మగ్గం మీద సగం నేసిన కంబళి ఉంది. పడుగు ఉన్న మగ్గాన్ని వాళ్లు విప్పరు. అది వాళ్ల కట్టుబాటు. ఆ కంబళి పూర్తయితే మగ్గం పోతుంది. పూర్తి చేయకుండా వదిలేస్తే ఆమె చేతికి పని పోతుంది.

"మరి ఏం చేద్దామని?"

"నేస్తా," అంది. "అయితే తలుపు మూసుకోని కాదు. నాకు కండ్లు మసకయినాయమ్మా. నల్ల బొచ్చు మింద నల్ల బొచ్చు. మూసిన గదిలో ఆ బల్బు కింద పోగు తెగినా తెలీడంల్యా. తలుపు తెరిస్తేనే నాకు మగ్గం. లేకుంటే ల్యా."

నా సంచి వైపు చూసింది. "నువ్వు ఫోటో తియ్యి. నేను గుంతలో కూచోని నేసేది తియ్యి. ఫోటోకు వెలుతురు కావాల గదా? అందుకే తలుపు తీసినామని చెప్పు."

నాకు అది నచ్చలేదు. "సాకులెందుకు అక్కా? ఇది తప్పు కట్టుబాటు అని నేరుగానే చెబుదాం. నేను మాట్లాడతాను వాళ్లతో."

"మాట్లాడతావు. మాట్లాడి సాయంత్రం బస్సెక్కి పోతావు. ఈడుండేది నేను." గొంతులో కోపం లేదు. "సాకేంది? కెమెరాకు వెలుతురు వద్దా?"

వద్దనలేకపోయాను. ఆ గది చీకటిలో ఫ్లాష్ కొడితే నల్లబొచ్చు బూడిదరంగుకు తిరుగుతుంది, మనిషి గోడకు అతికించిన బొమ్మలా వస్తుంది. తలుపు తీస్తే తప్ప ఆ ఫోటో లేదు. ఆమె చెప్పమన్నది ముమ్మాటికీ నిజం. ఆ నిజం చెప్పడానికి నేను ఎందుకు వెనకాడాలి?

అనుకున్న రోజు పొద్దున్నే వెళ్లాను. ఆమె అప్పటికే చింతగింజల గంజి కాచి పెట్టుకుంది. గదిలోకి పోయింది, చీర కుచ్చెళ్లు పైకి దోపుకుంది, మగ్గానికి దండం పెట్టింది, గుంతలోకి దిగింది. నేను తలుపు రెక్కలు రెండూ గోడ దాకా తోశాను. తూర్పు వాకిలి. ఎండ తిన్నగా వచ్చి పడుగు మీద పడింది. ఆమె ఒక్కసారి కళ్లు చిట్లించి, "అబ్బా, ఇన్ని పోగులు తప్పు పడినాయా!" అంది.

నాడె కదిలింది. నేను స్టాండు బిగించుకుంటుండగానే వీధిలో జనం చేరారు. ముందు ఆడవాళ్లు. వాళ్లు లోపలికి తొంగిచూసి, ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత మరిది వచ్చాడు. మగ్గం దించడానికే వచ్చాడో, ఎవరన్నా పిలిస్తే వచ్చాడో తెలియదు.

"ఏమొదినా ఇది, తలుపు బార్లా తీసి?"

"ఫోటోకు వెలుతురు చాలదంట అప్పా. ఆయమ్మను అడుగు."

"అవును, చాలదు," అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. మగ్గం వైపు చూశాడు. "సరే, ఈ కంబళి దిగినాక మగ్గం తీస్కపోతా. అన్న పేరుమింద ఇదొకటి అయిపోనీ."

ఆమె నాడె ఆపలేదు. "దిగేలోపల ఇంకో పడుగు అతుకుతా. పోగుకు పోగు కలిపి. అది నేస్తాండంగా ఇంకోటి. ఖాళీ మగ్గం నీకు ఎప్పుడు దొరుకుతాదో చూసుకోని ఉండప్పా."

ఆడవాళ్లలో ఎవరో పక్కున నవ్వారు. మరిది మొహం ఎర్రబడింది. "కులపెద్దను పిల్చుకోని వస్తా," అని పోయాడు.

కులపెద్ద అంటే వాళ్లలో తగవులు తీర్చే మనిషి. బాగా ముసలివాడు. చేతికర్ర పట్టుకుని, భుజాన కంబళి వేసుకుని వచ్చి, గడప బయట ఆగాడు. లోపల ఆమెను చూశాడు, నన్ను చూశాడు, తెరిచిన తలుపు చూశాడు.

"పైకి రామ్మా," అన్నాడు ఆమెతో.

"పోగు మధ్యలో ఉండాది మామా."

నేను ఇక ఆగలేదు. "పెద్దాయనా, మీ దేవుడికి ఏటా కప్పే కంబళి ఏ ఇంట్లో నేసింది?" అన్నాను. ఆ సంగతి కట్టమీద కూర్చుని ఆమె భర్తే నాకు గొప్పగా చెప్పాడు.

"ఈ ఇంట్లోనే."

"ఇన్నేళ్లూ వణికే చేతులు నేశాయా? లేక ఈ చేతులా? ఆడదాని కాలు తగిలితే మైల అయితే, ఇన్నేళ్లు మీరు దేవుడికి మైల కప్పినట్టు. మైల కాకపోతే ఆమె నేయడంలో తప్పేముంది? రెంటిలో ఏది నిజమో మీరే చెప్పండి."

సభలో అయితే చప్పట్లు కొట్టేవాళ్లు. ఇక్కడ ఎవరూ కదల్లేదు. పెద్దాయన తొణకలేదు కూడా.

"ఏమ్మా, నువ్వు బాగ చదువుకున్నావు. తెలిసింది నాకు. నువ్వు చెప్పింది మాకు తెలీదనుకున్నావా? దేవునికి అన్నీ తెలుసు. ఊరి కంట్లో పడకుండా ఉంటే చాలు." కర్ర నేలకు ఆనించి ఆమె వైపు తిరిగాడు. "మేం నీ పొట్ట కొట్టంలేమ్మా. మగ్గం నీకే ఉండనీ, నీ మరిదికి నేను చెప్తా. తలుపేసుకోని నేసుకో. మీ ఆయప్ప తువ్వాలు ఇంకా ఉంటాది గదా, తగిలించుకో. ఎవురూ అడగరు. ఈ ఫోటో ఒకటి మాత్రం అనంతపురంలో పెట్టొద్దు."

చచ్చిపోయిన మనిషి తువ్వాలు! లోకంలో దేవుళ్లు ఏనాడూ నోరు తెరిచి ఆడవాళ్లను గుంతలోంచి లేవమనలేదు. ఆ మాట అనేది ఎప్పుడూ మనుషులే, అదీ ఇంత మెత్తగా, ఇంత దయగా. చాలామంది ఆ దయకే లొంగిపోతారు. అడిగింది చిన్నదిగా కనిపిస్తుంది, ఇచ్చేది పెద్దదిగా కనిపిస్తుంది. మగ్గం దక్కుతుంది, ఒక్క తలుపు మూసుకుంటే చాలు. ఆమె ఒప్పుకుంటే నేను ఫోటో తీయకుండా స్టాండు మడుచుకుని వెళ్లాలి. అది ఆమె బతుకు, నా ప్రదర్శన కాదు. ఏమంటుందోనని చూస్తున్నాను.

"తలుపేస్తే నాకు కనపడదు మామా," అంది.

"ఇన్నేండ్లు కనపడింది గదా?"

"ఇన్నేండ్లు కండ్లుండె. ఇప్పుడు వెలుతురు కావాల. నేను ఊరి మింద కోపానికి తలుపు తీసినానా? కనపడక తీసినా."

పెద్దాయన కర్రతో గడప తట్టాడు. "తలుపు తీసి నేస్తే ఊరందరూ చూస్తారు. చూసినాక ఈ ఇంటి కంబళి దేవునికి కప్పలేం. అది నీకు తెలుసు గదా?"

నాడె ఆగింది. ఆ పొద్దున అది ఆగడం అదే మొదటిసారి.

నాకు దేవుడి మీద నమ్మకం లేదు. ఆమెకు ఉంది. ఏటా కొత్త బొచ్చులో మెత్తటిది విడిగా ఏరి దాచి, ఉపవాసం ఉండి నేసేదట ఆ కంబళి. ఊరేగింపులో అది దేవుడి మీద ఎండలో మెరుస్తుంటే, జనంలో నిలబడి చూసుకోవడమే ఆమెకు దక్కే మెప్పు. నా తర్కంతో నేను దాన్ని అడ్డం పెట్టుకుని గెలుద్దామనుకున్నాను. ఆయన అదే తీసేసుకున్నాడు. ఆమెకు బదులు నేను మాట్లాడితే అది దొంగతనమే అవుతుందని నోరు మూసుకున్నాను.

ఆమె పడుగు మీద అరచెయ్యి పెట్టి, నెమ్మదిగా ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా నిమిరింది.

"సరే మామా," అంది. "దేవునికి వేరే ఎవురన్నా నేసియ్యండి. నా కంబళి గొర్రెలోళ్లు కప్పుకుంటారు. వాళ్లకూ చలైతాది."

పెద్దాయన కర్ర ఎత్తి వెనుదిరిగాడు. మరిది ఆయన వెంట పోయాడు. నేను ఏదో అనబోయాను, అన్యాయమని, ఇక్కడితో వదలకూడదని. ఆమె తల ఎత్తకుండానే, "ఆ పక్కకు జరుగమ్మా, వెలుతురుకు అడ్డమొస్తాండావు," అంది. జరిగాను. అప్పుడు తీశాను ఫోటో. ఎండ గడప దాటి పడుగు మీద, అక్కడినుంచి ఆమె ముంజేతుల మీద పడింది. మొహం పని మీదికి వంగి ఉంది. కాళ్లు గుంతలో తొక్కుడు చెక్కల మీద ఉన్నాయి. ఆ కాళ్లు కూడా కనపడేలా కెమెరాను బాగా పైకెత్తి, కిందికి వంచి తీశాను.

అనంతపురంలో మిత్రుల సాయంతో మా ప్రదర్శన జరిగింది. చెరువు అడుగులు, గాలిమరలు, ముసలి మొహాలు అన్నీ పెట్టాం. ఆమె ఫోటో కింద "కంబళి నేతగత్తె, బెళుగుప్ప పక్క" అని రాశాం. పేరు వేద్దామా అని ముందే అడిగాను. "మొహముండాది గదా, చాలు," అంది. ఆ ఫోటో గురించి ఊళ్లో కొందరు తిట్టుకున్నారని, కొందరు బస్సెక్కి వచ్చి చూసిపోయారని విన్నాను. మరిది మళ్లీ మగ్గం మాట ఎత్తలేదు. ఎత్తడానికి ఖాళీ మగ్గం ఆయనకు దొరకలేదు. ఒక కంబళి కోసేలోపే ఆమె కొత్త పడుగు అతికేస్తోంది.

ఊరేగింపు రోజున నేనూ వెళ్లాను. అలాంటి చోట్లకు నేను పోను. ఆ రోజు ఆమె ఒక్కతే నిలబడుతుందని వెళ్లాను. దేవుడు దగ్గరికి రాగానే ఆమె చేతులు జోడించి కళ్లు మూసుకుంది. కళ్లు తెరిచి, మీద కప్పిన కంబళి వైపు మెడ సాచి చూసింది. దాన్ని నేసింది మరిది.

"అంచు వదులుగా ఉండాది," అంది. "పేక సరిగా కొట్టల్యా."

"బాధగా ఉందా అక్కా?"

"ఉండదా?" అంది, దేవుడి వైపే చూస్తూ.

"వచ్చే ఏడు మళ్లీ నిన్నే అడుగుతారేమో."

"అడగనీ. మంచి బొచ్చు తీసి పెట్టే ఉంచినా. నేసిస్తా, తలుపు తీసే నేస్తా. ఆ మాట ముందే చెప్పి, ఒప్పుకుంటేనే దోసిలి పట్టి కంబళి తీస్కపొమ్మంటా." జనాన్ని మోచేత్తో తోసుకుంటూ ఇంటి దారి పట్టింది. పొద్దు ఇంకా వాలలేదు. నేయడానికి కాసేపు వెలుతురు ఉంది.